వెనక సీట్లో కమలాపండు

"ఏమిటీ? వీబ్కె ఇవాళ వంట రెడీగానా? భేష్!" అని గేర్ట్ రేడియోలో అరిచాడు.

ఎగరడం నేర్పే ఒమ్మో అన్నది అది కాదు. "వీబ్కె ఇవాళ ఒంటరిగా వెళ్ళొచ్చు. బరువు తక్కువ. గ్యాస్ చూసుకో" అన్నాడు. కానీ గేర్ట్ కూర్చున్నది మైదానం ఆ చివర, తాడు చుట్టే యంత్రం మీద. ఇంజను లేని గ్లైడర్లకి ఆ యంత్రమే ఆధారం. పరుగెత్తి గాలిపటాన్ని లేపినట్టు, అది తాడు లాగి వాటిని ఆకాశానికి ఎక్కిస్తుంది. దాని వేగం పెంచే పిడిని అక్కడ గ్యాస్ అంటారు. లోపల మనిషి ఒక్కరే ఉంటే గ్యాసూ తక్కువే చాలు. ఏళ్ళ తరబడి ఆ హోరు పక్కన కూర్చున్న గేర్ట్ చెవులకి సగం మాటలు చేరవు, చేరినవి అరిగిపోయి చేరతాయి. అలా 'ఒంటరిగా' కాస్తా 'వంట రెడీగా' అయిపోయింది. పైగా గ్యాస్ చూసుకోమన్నారు కూడానూ. ఇక అనుమానమెందుకు?

రోజు కూడా అలాంటిదే. తూర్పు ఫ్రీజియా అనే తీరసీమలో సముద్రపు కరకట్టకి ఇవతల ఉన్న ఆ క్లబ్బుకి అది ఏడాదిలో ఆఖరి ఎగురుడు రోజు. ఆ మధ్యాహ్నం అందరూ కలిసి కేల్ ఆకుకూరా పింకెల్ సాసేజీ తినడం ఆనవాయితీ. ఎవరు వండుతారన్నది ఏటా ఆఖరి నిమిషం దాకా ఎవరికీ తెలీదు. ఈసారి తనకి తెలిసిందన్న సంబరంలో గేర్ట్, తాడు లాగడం మొదలయ్యేలోగా ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పాడు. ఒక్క వీబ్కెకీ, ఒమ్మోకీ తప్ప. వంట చేసే మనిషికి నువ్వు వంట చేస్తున్నావని చెప్పేదేముంది?

వీబ్కె పళ్ళ డాక్టరు. వయసు ఏభై దాటింది. ఊళ్ళో ఆమె చేత పన్ను కట్టించుకోనివాడు లేడు. ప్రభుత్వానికి పన్ను ఎగ్గొట్టినవాళ్ళు ఉంటే ఉన్నారేమో గానీ ఆమె దగ్గర కుదరదు. రెండేళ్ళ క్రితం ఎగరడం నేర్చుకుందామని ఈ క్లబ్బులో చేరింది. అక్కడ చిన్నా పెద్దా తేడా లేదు. మైదానంలో అడుగు పెడితే ఒకరికొకరు అందరూ 'నువ్వు'లే. ఆ నువ్వుల మధ్య ఒకే ఒక్క బెల్లపు దిమ్మ ఒమ్మో. గట్టి దిమ్మ.

ఒమ్మో అక్కడి పాత గురువు. ఆ పేరు మన చెవికి 'అమ్మో' అన్నట్టు వినిపిస్తే తప్పు మనది కాదు. విద్యార్థులకీ అలాగే వినిపించేది. ఇవాళ ఏ పాఠం, ఎంతసేపు, ఎవరికి ముందు, ఎవరికి వెనక, అంతా ఆయన ఇష్టం. ఆయన కూర్చునేది వెనక సీట్లోనే అయినా నడిపేది మాత్రం ఆయనే. ఇక మొదటిసారి ఒంటరిగా ఎగరడమంటే అదొక మెరుపుదాడి. ఒకరోజు ఉన్నట్టుండి ఆయన వెనక సీట్లోంచి దిగిపోయి, ఖాళీ సీటుకి బెల్టులు బిగించి, "ఇక నీ పాట్లు నువ్వు పడు" అని తిరిగి చూడకుండా నడిచి వెళ్ళిపోయేవాడు. విద్యార్థి నోరు తెరిచేలోగా తాడు బిగిసేది.

దీని మీదే కిందటి చలికాలం సభలో వీబ్కె లేచి నిలబడింది.

"నా కుర్చీలో పడుకున్నవాడి నోట్లో నా రెండు చేతులూ ఉంటాయి. మాట్లాడలేడు. అయినా వాడికో హక్కుంది. నొప్పేస్తే ఎడం చెయ్యి ఎత్తుతాడు, నేను ఆపేస్తాను. ఇక్కడ నా నోరు ఖాళీగానే ఉంది. అయినా ఒక్క మాట చెల్లదు. ఏం న్యాయం ఇది?"

"పన్ను నేల మీద ఉంటుంది వీబ్కె, మనం గాల్లో ఉంటాం" అన్నాడు ఒమ్మో.

"అందుకే అడుగుతున్నా. నా చదువుని గాలికి వదిలెయ్యడం నాకిష్టం లేదు."

అందరూ నవ్వారు. ఒమ్మో నవ్వలేదు. వీబ్కె తన టీ కప్పు ఎత్తి చూపించింది. ఆ సీమలో మూడో కప్పు అయ్యాక చెంచా కప్పులో వేస్తే ఇక చాలని అర్థం. వెయ్యనంతవరకూ ఇంటివాళ్ళు పోస్తూనే ఉంటారు.

"టీ తాగేవాడికి కూడా చాలు అనే హక్కుంది. నేనేమో టీ కన్నా ఖరీదైనదే తాగుతున్నాను, భయం! ఎప్పుడు చాలో నన్ను చెప్పనివ్వండి."

అధ్యక్షురాలు ఫ్రౌకె అటూ ఇటూ చూసింది. ఒమ్మో తన కప్పులో చెంచా టంగుమని వేశాడు. "సరే. ఏం నేర్చుకోవాలో ఇద్దరం కలిసి అనుకుందాం. ఒంటరిగా ఎప్పుడు వెళ్తావో నువ్వే చెప్పు. నువ్వు చెప్పేదాకా నేను ఆ సీటు దిగను. మాట."

ఎడం చేతి హక్కు కూడా కావాలంది వీబ్కె. అదీ ఇచ్చేశారు. అక్కడే అసలు పొరపాటు జరిగింది. గ్లైడర్ దింపేటప్పుడు ఎడం చెయ్యి ఎక్కడుంటుందో ఆ గదిలో ప్రతివాడికీ తెలుసు. ఒక్కడికీ తట్టలేదు.

మే నెలలో తట్టింది. కిందికి దిగుతుండగా పక్కగాలి కొట్టింది. ఇదేమిటో అడుగుదామని వీబ్కె, తన రోగుల్ని రోజూ చూసే అలవాటుకొద్దీ, ఎడం చెయ్యి ఠక్కున ఎత్తింది. ఆ చేతిలో ఉన్నది బ్రేకు పిడి. పట్టు వదిలేసరికి రెక్కల మీది పలకలు ఒక్కసారిగా పూర్తిగా లేచాయి. గ్లైడర్ నూతిలో బొక్కెనలా జారింది. వెనక నుంచి ఒమ్మో తన పిడి ముందుకి తొయ్యబట్టి కాలవ దాటి, మైదానం అంచున మేస్తున్న గొర్రెలకి ఇవతల ఆగారు. గొర్రెలు మేత మానేసి చూశాయి.

"చేతులెత్తేశావేంటి తల్లీ?"

"చేతులు కాదు, చెయ్యి. నా హక్కు."

"ఆ చెయ్యి మీదే మనిద్దరి ప్రాణం ఉంది! నోటితో అడుగు. నీ నోట్లో నేనేం చేతులు పెట్టలేదుగా."

ఆనాటి నుంచి ఆమె నోటితో అడిగింది. ఆయనా నోటితో చెప్పాడు. అంతకన్నా వింత, ప్రతి శనివారం గ్లైడర్ ఎక్కేముందు ఒమ్మో, "ఇవాళ ఏం నేర్చుకుందాం?" అని అడగడం మొదలుపెట్టాడు. మొదటి వారాల్లో ఆ ప్రశ్న కషాయం మింగుతున్నట్టు వచ్చేది. జూన్‌కల్లా గొంతులో కాస్త తీపి చేరింది.

చిక్కల్లా రెండో హక్కుతో వచ్చింది. వీబ్కెతో పాటు చేరినవాళ్ళంతా జూలైలోపే ఒంటరిగా ఎగిరేశారు. వాళ్ళని ఒమ్మో పాత పద్ధతిలోనే మెరుపులా వదిలేశాడు, వాళ్ళెవరూ హక్కు అడగలేదు మరి. వీబ్కె మాత్రం ప్రతిసారీ "ఇంకొక్కసారి" అనేది. పక్కగాలి బాగా రావాలి, ఎదురుగాలి బాగా రావాలి, చివరికి అసలు గాలే లేనప్పుడు ఎలాగో చూడాలి. హక్కు చేతికొచ్చింది గానీ ఆమె ఆ తాడు చివరి హుక్కుకే వేలాడుతూ ఉండిపోయింది.

ఆమె భయం ఒకటే. ముందు సీట్లో గ్లైడర్‌ని తిప్పే కర్ర కదిలితే వెనక కర్రా కదులుతుంది, రెండూ ఒకదానికొకటి కట్టి ఉంటాయి. దిగేటప్పుడు ఆమె అరచేతికి కర్రలో ఒక మెత్తని తోడు తగిలేది. ఒమ్మో చెయ్యి! అందుకే చక్రం ఇంత నున్నగా గడ్డికి తగులుతోంది. ఆ చెయ్యి లేకపోతే?

ఇవాళ్టితో ఆ ప్రశ్నకి గడువు తీరుతుంది. ఒమ్మో మోకాళ్ళు ఇక ఆ ఇరుకు సీట్లో మడవనంటున్నాయి. వసంతం నుంచి ఆయన నేర్పడు. తన ఒంటరి ప్రయాణం ఆయన చూస్తుండగానే జరగాలి, ఇంకెవరి ముందూ వద్దు అన్నది వీబ్కె కోరిక. పొద్దున్న ఆయన చెవిలో గొణిగింది. "ఇవాళ వెళ్తానేమో. నిశ్చయం కాదు. ఎవరికీ చెప్పకు." బరువు సంగతి తాడు లాగేవాడికి తెలియాలి కనక ఆయన ఒక్క గేర్ట్‌కే చెప్పాడు. ఆ తరవాత ఏం జరిగిందో మనకి తెలుసు. ఆమెకి తెలీదు.

గ్లైడర్‌ని గడ్డి మీద తోసుకెళ్తుంటే ఫ్రౌకె ఎదురొచ్చి ఆ సీమ పద్ధతిలో పలకరించింది. "మొయిన్ వీబ్కె! నీ మీదే ఆశ పెట్టుకున్నాం. పొద్దుట్నుంచి ఎవరం ఏమీ తినలేదు."

వీబ్కె గ్లైడర్ తొయ్యడం ఆపేసింది. అందరికీ తెలిసిపోయిందన్నమాట! "నేనూ తినలేదు" అంది. "కడుపులో తిప్పుతోంది."

"అయ్యో, మరీ అంత బెంగెందుకు? కొంచెం మాడినా ఎవరూ ఏమనుకోరు."

"మాడడమా?"

"కిందటేడు మన హారో చేసినప్పుడు మొత్తం అడుగంటింది. అయినా నవ్వుకుంటూ కానిచ్చేశాం."

హారో గ్లైడర్ అడుగు నేలకి రాసుకుపోయిందా! ఆ సంగతి తనకెవరూ చెప్పనే లేదు.

"మూత మాత్రం సరిగ్గా బిగించు, మర్చిపోకు" అని ఫ్రౌకె భుజం తట్టింది. "ఎన్నింటికి దింపుతావ్?"

"దింపినప్పుడు దింపుతాను!" అని వీబ్కె విసురుగా ముందుకి తోసింది. గ్లైడర్ అద్దపు మూత తాను ఏనాడైనా మర్చిపోయిందా? దారిలో ఇంకో ఇద్దరు చేతులు రుద్దుకుంటూ "తొందరేం లేదు, నెమ్మదిగా కానీ" అన్నారు. ఒకడైతే పెదాలు తడుపుకున్నాడు. ఇంత క్రూరులా వీళ్ళు!

"ఒమ్మో, నువ్వు ఊరంతా టముకేశావ్."

"ఒట్టు! గేర్ట్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు."

"అయితే నేనివాళ వెళ్ళను. నీతో ఒక్కసారి ఎగురుతాను, అంతే. వసంతంలో చూసుకుందాం" అంది.

ఒమ్మో "ఇవాళ ఏం నేర్చుకుందాం?" అని మాత్రం అడిగి, మోకాళ్ళని ఒకదాని తరవాత ఒకటి చేత్తో ఎత్తి వెనక సీట్లోకి సర్దుకున్నాడు.

తాడు లాగింది, ఆకాశం ముందుకి వంగింది, తాడు ఊడింది. ఆపైన నిశ్శబ్దం. కింద కాలవలు, ఎర్ర ఇటుక ఇళ్ళు, కరకట్టకి అవతల బురద సముద్రం. గాలి చల్లగా బరువుగా ఉంది, పైకి మోసే ఓపిక దానికి లేదు. వీబ్కె ఒక చుట్టు చుట్టి దిగే దారి పట్టింది. ఎడం చెయ్యి బ్రేకు పిడి మీద ఉంచి కరకట్ట వైపు చివరి మలుపు తిప్పుతుండగా, మూసిన అద్దం కింద ఒక్కసారి ఘుమఘుమలాడుతూ వాసన కమ్మింది.

కమలాపండు.

ఆమె ముక్కు అదిరింది గానీ చెయ్యి అదరలేదు. చక్రం గడ్డిని ముద్దాడింది, గ్లైడర్ పరుగెత్తి ఆగి ఒక రెక్క నేలకి వాల్చింది. భుజం పక్కనుంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. అందులో వలిచిన కమలాపండు. రెండో భుజం పక్కనుంచి ఇంకో చెయ్యి. అందులో తొక్క, ఎక్కడా తెగకుండా పొడుగ్గా, ఒకే ముక్కగా.

"ఇది ఎప్పుడు వలిచావ్?"

"నువ్వు చివరి మలుపు తిప్పినప్పుడు మొదలెట్టా. చక్రం తగిలేసరికి అయిపోయింది."

"రెండు చేతులతోనా?"

"ఒంటిచేత్తో కమల వలిచేవాణ్ణి ఎక్కడైనా చూశావా?"

"మరి కర్ర?"

"కర్ర నీ దగ్గరే ఉందిగా."

వీబ్కె బెల్టు విప్పుకుని వెనక్కి తిరిగింది. "నాకెప్పుడూ నీ చెయ్యి తగుల్తూ ఉండేది ఒమ్మో. మెత్తగా."

"అది గాలి."

"ఎప్పట్నుంచి?"

"ఆగస్టు నుంచి. అప్పుడు ప్లమ్ములు తినేవాణ్ణి. సెప్టెంబరులో హేజల్ గింజలు కొట్టుకు తిన్నాను. చప్పుడు వినపడలేదా?"

"రెక్క విరుగుతోందేమోనని హడిలి చచ్చాను! ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

ఒమ్మో తొక్కని చేతిలో చుట్టుకున్నాడు. "ఎప్పుడెళ్ళాలో నువ్వే చెప్తానన్నావ్. నేను నోరు తెరిస్తే తోసినట్టుంటుందని మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకేమంత తేలిక కాదు, నీకు తెలుసు. ఇవాళ ఆఖరి రోజు కదా, వాసనైనా చెప్తుందేమోనని..."

వీబ్కెకి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ కలిసి కళ్ళలోంచి నీళ్ళుగా దిగాయి. "నా దగ్గరికొచ్చినవాడికి ముందు చేతికి అద్దం ఇస్తాను. పన్ను చూపించి, అప్పుడు అడుగుతాను పీకనా, ఉంచనా అని. చూపించకుండా అడిగితే ఎవడైనా ఉంచమనే అంటాడు. నువ్వు నాకు హక్కిచ్చావు ఒమ్మో, అద్దం ఇవ్వలేదు. నేనూ అడగలేదనుకో."

ఆయన తొక్క ముందుకి చాపాడు. "ఇదిగో అద్దం. కొంచెం ఆలస్యమైంది."

ఆమె ఆ తొక్కని చూసింది. తరవాత ఆయన మోకాళ్ళని చూసింది. ఏ శనివారమైనా ఈ మనిషి తన పాత పద్ధతిలో దిగి వెళ్ళిపోగలిగేవాడు. ఆమె వెళ్ళగలదని ఆయనకి ఆగస్టులోనే తెలుసు. అయినా ఆ నొప్పి మోకాళ్ళని మడుచుకుని, ఇచ్చిన మాట మీద కూర్చుని, ఆమె నోటి నుంచి వచ్చే ఒక్క మాట కోసం వేసవీ శరత్తూ కూడా ఆ వెనక సీట్లోనే గడిపాడు. పాఠాలు చాలామంది చెప్తారు. ఇలా కాచుకుని కూర్చునేవాళ్ళు ఎంతమంది?

"దిగు ఒమ్మో" అంది.

"ఏమన్నావ్?"

"నా విమానంలోంచి దిగమన్నాను. నా పాట్లు నేను పడతాను."

నలభై ఏళ్ళలో ఆయన్ని దిగమన్న విద్యార్థి లేడు. ఒమ్మో మోకాళ్ళు ఒక్కొక్కటీ బయటికి తీసి, ఖాళీ సీటు బెల్టులు తన చేత్తో బిగించాడు. రేడియో అందుకుని ఒక్కో అక్షరం విడగొట్టి చెప్పాడు. "లోపల ఒక్కరే. ఒ-క్క-రే. మళ్ళీ చెప్పు."

అవతల నుంచి గేర్ట్ గొంతు నీరసంగా వచ్చింది. "ఒక్కరే... ఎవరా ఒక్కరూ?"

"వీబ్కె."

"వీబ్కెనా! అయ్యో దేవుడా... సరే. ఒక్కరే. గ్యాస్ తక్కువ."

గ్లైడర్ తేలిగ్గా, ఎన్నడూ లేనంత వేగంగా పైకి లేచింది. తాడు ఊడాక వీబ్కె అలవాటుగా "పక్కగాలి ఎంతుందంటావ్?" అని వెనక్కి అడిగింది. వెనక కమలాపండు వాసన మాత్రమే ఉంది. జవాబు తనే చెప్పుకుంది. చివరి మలుపులో కర్రలో ఆ మెత్తని తోడు మళ్ళీ అరచేతికి తగిలింది. అది ఒమ్మో చెయ్యి కాదని ఇప్పుడామెకి తెలుసు. అయినా "థాంక్స్ ఒమ్మో" అంది. గాలి ఏమీ అనుకోలేదు.

ఆనవాయితీ ప్రకారం మూడుసార్లు ఎగిరితేనే లెక్క. రెండోసారి తాడు తగిలించుకుంటుంటే మైదానం అంచున నిలబడ్డ జనంలోంచి "ఇంకా రెండుసార్లా!" అని ఎవరో మూలిగారు. ఎంత ప్రేమగా ఎదురుచూస్తున్నారు పాపం అనుకుని వీబ్కె చెయ్యి ఊపింది. కుడి చెయ్యే.

మూడోసారి దిగేసరికి జనమంతా పరుగున వచ్చారు. ముందు ఫ్రౌకె, చేతిలో ముళ్ళగడ్డి గుత్తి. మొదటిసారి ఒంటరిగా ఎగిరివచ్చిన వాళ్ళకి అదే పూలగుత్తి. ఆ తరవాత గాలి పోకడ సీటులోంచే తెలియాలని వెనక భాగం మీద తలా ఒక చరుపు. "నీకు హక్కుంది" అంది ఫ్రౌకె. "ఎడం చెయ్యి ఎత్తితే ఆపేస్తాం."

వీబ్కె రెండు చేతులూ కోటు జేబుల్లో దోపుకుని తిరిగి నిలబడింది. చరుపులు పడ్డాయి. ఒమ్మో వంతు వచ్చినప్పుడు ఆయన చరచలేదు. జేబులోంచి కమలా తొన ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఆ చెయ్యి కాసేపు వదల్లేదు.

అప్పుడు గమనించింది, అందరి చేతుల్లోనూ కంచాలున్నాయి, చెంచాలున్నాయి.

"ఇక వడ్డించు తల్లీ" అన్నాడొకడు దీనంగా.

"ఏం వడ్డించాలి?"

"కేల్!"

"ఏ కేల్?"

ఆ సమయానికి గేర్ట్ ట్రాక్టరు మీద మైదానం ఆ చివర నుంచి వచ్చి దిగాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"తప్పు నాది. ఒమ్మో పొద్దున్న 'ఒంటరిగా' అన్నాడు. నాకు 'వంట రెడీగా' అని వినపడింది. అందరికీ చెప్పేశాను. లోపల ఒక్కరే, ఆ ఒక్కరూ వీబ్కెనే అన్నప్పుడే నా గుండె జారింది, వంటావిడ పైనుంటే పొయ్యి దగ్గరెవరని! అప్పుడు చెబుదామంటే తాడు వదిలి రాలేను కదా."

వీబ్కె ఫ్రౌకె వైపు తిరిగింది. "అయితే మాడినా పర్లేదన్నది?"

"కూర!"

"అడుగంటింది?"

"గిన్నె!"

"మూత?"

"గిన్నెదే వీబ్కె, గిన్నెదే!" అని ఫ్రౌకె ముళ్ళగుత్తిని మర్చిపోయి పొట్ట పట్టుకుని, ముళ్ళు గుచ్చుకుని కెవ్వుమంది. "మరి నువ్వు కడుపులో తిప్పుతోందంటే, ఇలాంటి మనిషి చేతి వంట ఎలా తినాలా అనుకున్నాను నేను!"

ఒమ్మో గ్లైడర్ వెనక సీటు కింద నుంచి సంచీ లాగి, మిగిలిన కమలాపళ్ళు ఒక్కొక్కటీ కంచాల్లో వేస్తూ వెళ్ళాడు. గేర్ట్ తన పండు వలుస్తూ, ఎవరూ నిందించకపోయినా, అందరికీ వినపడేలా మళ్ళీ అన్నాడు.

"పైగా గ్యాస్ చూసుకోమన్నాడు కదయ్యా! ఇంకేమనుకోమంటారు నన్ను?"